పది మందిలోపు స్టాఫ్ ఉన్న చిన్న షాపు మాది. తక్కువ ఖర్చులో వాళ్ళకి ఏ బెనిఫిట్స్ ఇవ్వొచ్చు?

మీ ప్రశ్నలో "పది మందిలోపు" అన్న మాట చూడగానే నవ్వొచ్చింది. మా ఆడిటర్‌కి ఆరేళ్ళపాటు నేనూ ఇదే మాట చెప్పాను.

విజయవాడ గవర్నర్‌పేటలో మాకు ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. నాన్నగారు పెట్టింది. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు. రిజిస్టర్లో తొమ్మిది మంది. వాళ్ళు కాక బైండింగ్ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. రోజూ తొమ్మిదింటికి వచ్చి ఆరింటికి వెళ్ళేవాళ్ళే, కానీ పీసు లెక్కన డబ్బులు తీసుకుంటారు కాబట్టి స్టాఫ్ కాదని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. పదకొండు మందిని తొమ్మిది మందిగా చూపించడానికి కారణం ఒక్కటే, ఈఎస్ఐ, అంటే పనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే బీమా. పదో మనిషి చేరితే అది తప్పనిసరి. ఇన్‌స్పెక్టర్లు వస్తారు, నెలనెలా చలాన్ల గొడవ అని తోటి ప్రెస్సుల వాళ్ళు తెగ భయపెట్టారు. అలా భయపెట్టిన వాళ్ళలో ఒక్కరూ ఈఎస్ఐ కట్టినవాళ్ళు కాదు లెండి.

అలాగని మనుషుల్ని గాలికి వదిలేశానని అనుకోకండి. అందరినీ బ్యాంకుకి తీసుకెళ్ళి ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్పించాను. అప్పట్లో ఏడాదికి 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20 అయింది. ప్రమాదంలో పోతే రెండు లక్షలు. ఆ డబ్బు కూడా నేనే ఇచ్చాను. మొత్తం కలిపి 132 రూపాయలు ఖర్చుపెట్టి, నా అంత మంచి ఓనరు ఏలూరు రోడ్డు మొత్తంలో లేడని తిరిగాను.

2022 ఫిబ్రవరి, మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్. మా కటింగ్ మిషన్ మీద నాన్నగారి కాలం నుంచి ఉన్న ఒక పెద్దాయన పనిచేసేవాడు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆ మిషన్‌కి రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే బ్లేడు దిగాలి, చేతులు లోపల ఉండకూడదని ఆ ఏర్పాటు. సీజన్లో పని తెమలడం లేదని ఎప్పుడో ఒక బటన్‌ని మెకానిక్ చేత డైరెక్ట్ చేయించేశాం, ఇక రెండోదొక్కటి నొక్కినా బ్లేడు దిగుతుంది. చేయించింది ఎవరో కాదు, నేనే. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత, శుభలేఖల దొంతర సరిచేస్తుండగా బ్లేడు దిగింది. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు. ఆయన అరవలేదు. కాగితాలు కోసే చప్పుడులో తేడా విని నేను కౌంటర్ దగ్గర నుంచి తల తిప్పాను. చేతికి తువ్వాలు చుట్టి ఆటో ఎక్కిస్తుంటే, "పై కార్డులే పాడయ్యాయి బాబూ, కిందవి బాగానే ఉన్నాయి, సాయంత్రానికి ఇచ్చేయొచ్చు" అన్నాడు.

ఆపరేషన్, మందులు, కట్లు మార్పించడం అన్నీ కలిపి లక్షా పది వేలు అయింది. మూడు నెలలు జీతం కూడా ఇచ్చాను. సురక్షా బీమా ఉందిగా, కొంతైనా వస్తుందని ధీమాగా బ్యాంకుకి వెళ్ళాను. అక్కడి అబ్బాయి రూల్స్ కాగితం తీసి వేలు పెట్టి చదివించాడు. రెండు కళ్ళో, రెండు చేతులో, రెండు కాళ్ళో పోతే రెండు లక్షలు. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక పాదమో పోతే లక్ష. "వేళ్ళకి రాదండీ" అన్నాడు. తప్పు బ్యాంకుది కాదు. చేర్పించేటప్పుడు నేను ఆ కాగితం చదవలేదు.

ఆ సాయంత్రం ఆడిటర్ దగ్గర కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. ఈఎస్ఐ ఉండి ఉంటే పనిలో దెబ్బ తగిలితే ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే వైద్యం, కోలుకునేదాకా జీతంలో 90 శాతం, పోయిన వేళ్ళకి మెడికల్ బోర్డు ఎంత శాతం నష్టమో తేల్చి ఆ లెక్కన జీవితాంతం నెలనెలా డబ్బు వచ్చేవి. ఈఎస్ఐ లేకపోతే, అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం ప్రకారం ఆ డబ్బు యజమాని నెత్తిమీదే. బాబాయ్ కేసు వేస్తే నా పని అయిపోయేదే. వేయలేదు. అది ఆయన మంచితనం, నేను దాన్ని నా ఖాతాలో రాసుకోలేను.

ఇంతకీ నేను మిగుల్చుకున్నది ఎంత? జీతం మీద యజమాని వాటా 3.25 శాతం, పనివాడి వాటా 0.75. సగటున 14,000 జీతం అనుకుంటే మనిషికి నేను కట్టాల్సింది 455, అతనికి కోత పడేది 105. పదకొండు మందికీ లెక్కేసుకున్నా నెలకి 5,005 రూపాయలు. మా షాపులో టీలకి, బిస్కెట్లకి అయ్యే ఖర్చు ఇంచుమించు అంతే ఉంటుంది. ఇందులో భార్యాపిల్లలకీ, ఆధారపడిన తల్లిదండ్రులకీ వైద్యం ఉంది. ఇన్ని లక్షల వరకే అన్న పరిమితి లేదు, షుగరు, బీపీ ముందే ఉన్నాయని తిప్పి పంపడం లేదు. ఈ ధరకి ఇంత ఇచ్చే ప్రైవేటు పాలసీ ఎక్కడా లేదు, రాసిపెట్టుకోండి.

చివరికి ఈఎస్ఐలో చేరాం. రిజిస్ట్రేషన్ అంతా ఆన్‌లైన్లోనే అయిపోయింది. ఇన్నేళ్ళు భయపడిన ఇన్‌స్పెక్టర్ ఇప్పటిదాకా రాలేదు. చలాను వచ్చే నెల 15లోపు కట్టాలి, అంతే. అసలు గొడవ స్టాఫ్‌తోనే వచ్చింది. "ఆ 105 మాకు చేతికే ఇచ్చేయండి సార్" అని నెల రోజులు మొహాలు మాడ్చుకుని తిరిగారు. డిస్పెన్సరీలో గంటలకొద్దీ లైను, తీరా లోపలికెళ్తే మందు స్టాకు లేదనడం, ఇవన్నీ నిజమే, దాని మీద నాకూ పీకలదాకా కోపం ఉంది. నెలనెలా డబ్బులు కట్టించుకుని దగ్గు మందు బయట కొనుక్కోమంటే ఎవరికి మండదు? కానీ మా బైండింగ్ అమ్మాయికి పాప పుట్టినప్పుడు 26 వారాల జీతం నేరుగా ఆమె ఖాతాలో పడింది. ఆమెకి కోత పడింది నెలకి 83 రూపాయలు. నా జేబులోంచి ఆ ఆరు నెలలకి రూపాయి పోలేదు. ఆ తర్వాత ఎవరూ 105 గురించి మాట్లాడలేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. జీతం 21,000 దాటితే ఈఎస్ఐలోకి రారు. మా ఆఫ్‌సెట్ ఆపరేటర్‌కి 24,000. అందుకని అతనికి విడిగా హెల్త్ పాలసీ తీసుకుని, ప్రెస్సు పేరు మీద వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ, అంటే పనిలో దెబ్బ తగిలితే యజమాని ఇవ్వాల్సిన పరిహారాన్ని కట్టే బీమా, ఒకటి పెట్టాను. మీ దగ్గర నిజంగానే పది మంది లేకపోతే మీరూ మొదట తీసుకోవాల్సింది అదే. ఏడుగురు ఉంటే గ్రూప్ హెల్త్ ఇచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి, అడగండి. ఆ 20 రూపాయల బీమా, 50 ఏళ్ళలోపు వాళ్ళయితే ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి జీవిత బీమా, రెండూ ఎలాగూ చేయించండి. కానీ మే నెలాఖర్లో వాళ్ళ ఖాతాల్లో డబ్బు ఉందో లేదో మీరే చూడాలి. జీతం చేతికిచ్చే షాపుల్లో ఖాతా ఖాళీగా ఉండి, డబ్బు కట్ అవక పాలసీ ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు కూడా.

యూట్యూబ్‌లో చెప్పే పిజ్జా పార్టీలు, టీమ్ ఔటింగ్‌ల జోలికి పోకండి. దసరాకి గోడ గడియారాలు కూడా వద్దు. మా వాళ్ళిళ్ళల్లో నేనిచ్చినవే తలా మూడున్నాయి, ఒక్కటీ నడవదు.

ఆ రెండో బటన్ మళ్ళీ పెట్టించడానికి మెకానిక్ 800 తీసుకున్నాడు. బాబాయ్ ఇప్పుడు కౌంటర్ దగ్గర కార్డులు లెక్కపెట్టి కట్టలు కడతాడు. ఆయన పేరు మీద ఈఎస్ఐ కార్డు ఉంది, కాకపోతే ముందు పోయిన వేళ్ళకి అది పనికిరాదు.

సరే, మీరు ఒక పని చేయండి. శనివారం మాత్రమే వచ్చేవాళ్ళు, పీసు లెక్కన చేసేవాళ్ళు, మీ బావమరిది ద్వారా వచ్చిన కుర్రాడు, అందరినీ కలిపి లెక్కపెట్టి ఎంతమందో చెప్పండి. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.