చారిటీ కార్ ర్యాలీ పూర్తయ్యాక కారును అక్కడే వదిలేసి రైల్లో ఇంటికి రావచ్చా?

రావచ్చు, కానీ ముందు ఆ కారు సంగతి కస్టమ్స్ దగ్గర తేల్చుకోవాలి, ఊరికే ఎక్కడో పార్క్ చేసి వచ్చేస్తే కుదరదు.

ఎందుకంటే విదేశీ నంబరు ప్లేటుతో సరిహద్దు దాటిన కారును మామూలుగా తాత్కాలిక దిగుమతి కిందే లోపలికి రానిస్తారు, అంటే ఫలానా గడువులోగా దాన్ని తిరిగి బయటికి తీసుకెళ్తామని మనం ఒప్పుకున్నట్టే. గడువు దాటితే దిగుమతి సుంకం, జరిమానా పడతాయి. కార్నె పత్రం (కారును తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్ళేందుకు పూచీ కట్టి తీసుకునే కస్టమ్స్ పత్రం) మీద తీసుకెళ్తే, కారు బయటికి వెళ్ళినట్టు ముద్ర లేకపోతే దాని కోసం కట్టిన పూచీ డబ్బుకే ఎసరు వస్తుంది.

యూరప్ నుంచి మంగోలియా వైపు కార్లలో సాగే చారిటీ యాత్రగా 2004లో మొదలైన మంగోల్ ర్యాలీనే చూడండి. మొదట్లో ముగింపు మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఉండేది, చాలామంది కార్లను అక్కడే విరాళంగా ఇచ్చేవాళ్ళు. తర్వాత ముగింపును రష్యాలోని ఉలాన్ ఉదేకు మార్చారు. ఆ ఊరు ట్రాన్స్ సైబీరియన్ రైలు మార్గం మీదే ఉంది, మాస్కో అక్కడికి సుమారు 5,600 కిలోమీటర్లు. మనిషి రైలెక్కేయడం తేలికే, కారుకు మాత్రం వేరే దారి చూడాలి: నడుపుకుంటూ వెనక్కి రావడమో, రవాణా సంస్థకు అప్పగించడమో.

చాలామంది పొరబడేది ఇక్కడే: సేవ కోసం చేసిన ప్రయాణం కాబట్టి కారును దానం చేస్తే సుంకం ఉండదనుకుంటారు. దానమిచ్చినా అది దిగుమతే, ఆ దేశం ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే తప్ప. ఇంకో మాట, ఒక్కసారి ప్రవేశానికే వీసా తీసుకుంటే తిరుగు దారిలో అదే దేశంలోకి మళ్ళీ రానివ్వరు, బయలుదేరే ముందే చూసుకోండి.