వాల్వ్ సీట్ కట్టర్లు ఊరికే మొద్దుబారుతుంటే ఏ కంపెనీవి కొనాలి?

మీరు అడిగింది ఇదీ: చిన్న రీబోరింగ్ షాపు పెట్టుకున్నారు, కార్బైడ్ సీట్ కట్టర్ సెట్లు (ఇంజన్ హెడ్‌లో వాల్వు వచ్చి ఆనే అంచుని, అంటే సీటుని, కోసి సరిచేసే గట్టి లోహపు పనిముట్లు) కొన్న కొద్దిరోజులకే పదును పోతోంది, గట్టిగా మన్నేవి ఎక్కడ దొరుకుతాయి అని. మాదీ అదే పని, విజయవాడ ఆటోనగర్‌లో. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కట్టర్ కింద ఏముందో చూడండి. నేను చూసినంతలో బ్లేడు పాడైందంటే చాలావరకు లోపం దానిది కాదు.

పాత సీటు మీద అద్దంలా మెరిసే పొర ఉంటుంది. వాల్వు కొట్టుకుని కొట్టుకుని, మసి కాలి గట్టిపడ్డ చర్మం అది. దాని మీద కట్టర్ పెట్టి తిప్పితే కోయదు, జారుతుంది. కీచుమని శబ్దం వస్తుంది. కుర్రాడు ఇంకా గట్టిగా నొక్కుతాడు. పదును పోయేది సరిగ్గా ఆ అరనిమిషంలోనే. మేం మొదట ఎమెరీ గుడ్డ ముక్క వేసి ఆ మెరుపు చెరిపేస్తాం. ఆ తర్వాతే కట్టర్ దించుతాం. ఇంకో శత్రువు గ్రైండింగ్ పేస్టు. మెకానిక్ వాల్వులు రుద్ది చూసి, లీకు ఆగకపోతే హెడ్ మన దగ్గరికి పంపుతాడు. సీటు సందుల్లో ఆ పేస్టు రవ్వలు అలాగే ఉంటాయి. కిరసనాయిలుతో శుభ్రంగా కడగకుండా కోస్తే కార్బైడ్‌ని ఎమెరీ రాయి మీద రాసినట్టే. కట్టర్‌ని వెనక్కి తిప్పడం కూడా వద్దు, అంచు పెళుసు కాబట్టి చిట్లుతుంది. పొట్టు తీయాలంటే పైకెత్తి బ్రష్‌తో దులపండి.

అన్నిటికన్నా పెద్ద శత్రువు అరిగిన గైడు, అంటే వాల్వు కాడ జారే గొట్టం. గైడు అరిగిపోయి ఉంటే పైలట్ (కట్టర్‌ని మధ్యలో నిలబెట్టే కడ్డీ) అందులో ఊగుతుంది, పైలట్ ఊగితే కట్టర్ ఎగిరెగిరి పడుతుంది, సీటు మీద అలలు పడతాయి. వేలిగోరు పెట్టి గీస్తే తెలిసిపోతుంది. కాబట్టి గైడు మార్చి, రీమర్ పట్టించి (రంధ్రాన్ని సరైన సైజుకి నునుపుగా కోసి), ఆ తర్వాతే సీటు. ఈ వరస తప్పించి ఎంత ఖరీదైన సెట్టు కొన్నా దండగే. డబ్బులు ఖర్చు పెట్టదలిస్తే ముందు మంచి పైలట్ల మీద పెట్టండి. ఒక్కో సైజులో సన్న సన్న తేడాలతో వరసగా దొరుకుతాయి. గైడులో చేత్తో నెడితే బిగుతుగా దిగి, కదలకుండా నిలబడేది మీకు కావాలి.

గ్యాస్ బళ్ళ సంగతి వేరు. సీఎన్‌జీ పొడిగా మండుతుంది, పెట్రోలు తడి ఇచ్చే ఆసరా సీటుకి ఉండదు. అందుకని కంపెనీలు గట్టి మిశ్రమ లోహపు సీట్లు బిగిస్తాయి. మామూలు చేతి కట్టర్‌తో వాటిని కోయబోతే సీటుకి ఏమీ కాదు, బ్లేడే అరుగుతుంది. మా దగ్గర అలాంటివాటికి గ్రైండింగ్ రాయే. రాయిని డైమండ్ డ్రెస్సర్‌తో (రాయి అంచుని చెక్కే వజ్రపు మొనతో) 45 డిగ్రీలకి మాటిమాటికీ సరిచేసుకోవాలి, విసుగు పని, కానీ చవక. సీటు మరీ లోపలికి దిగిపోతే కోయడం మానేసి కొత్త సీటు దించేయండి.

హెడ్ ఫేసింగ్‌కి, అంటే హెడ్ అడుగుని చదును చేయడానికి, సీబీఎన్ టిప్పులు (బోరాన్ నైట్రైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసిన కోత మొనలు) కొనమని సేల్స్‌మన్ చెబుతుంటాడు. మంచివే, కానీ మీ మెషీన్ ఎంత వేగంతో తిరుగుతుందో లెక్క వేసుకోండి. పోత ఇనుము మీద సీబీఎన్‌కి నిమిషానికి 500 మీటర్లు దాటిన వేగం ఉండాలి. 250 మిల్లీమీటర్ల కట్టర్ 300 ఆర్‌పీఎంలో తిరిగితే వచ్చేది 235 మీటర్లే. అదే కట్టర్ 1,000 ఆర్‌పీఎంలో తిరిగితే 785. పాత మెషీన్, బేరింగుల్లో ఆట ఉంటే సీబీఎన్ అంచు చిట్లుతుంది, అక్కడ కార్బైడే నయం. అల్యూమినియం హెడ్లకి పీసీడీ బాగా మన్నుతుంది. కానీ అది డైమండ్ రేణువులతో చేసిన టిప్పు, వేడి మీద ఇనుము తగిలితే ఆ ఇనుము దాన్ని తినేస్తుంది. కొన్ని పాత డీజిల్ హెడ్లలో అల్యూమినియం మధ్య ఉక్కు ప్రీచాంబర్లు (ఇంధనం ముందుగా మండే చిన్న గదులు) ఉంటాయి, అవి తీయకుండా పీసీడీ పెట్టకండి.

బోరింగ్ బారుకి (సిలిండర్ లోపలివైపు కోసే పనిముట్టుకి) పెద్ద మర్మం ఏమీ లేదు. పోత ఇనుముకి కె గ్రేడు టిప్పు, హోనింగ్‌కి (రాళ్ళతో చేసే చివరి నునుపుకి) కాస్త మిగిల్చి ఆపడం, అంతే. టిప్పు పదును పెట్టేటప్పుడు మాత్రం మామూలు బూడిదరంగు చక్రం వాడకండి. పచ్చరాయి (సిలికాన్ కార్బైడ్ చక్రం) వాడండి, వీలైతే డైమండ్ చక్రం.

ఇక కొనడం. విడి టిప్పులకి వీడియా, శాండ్‌విక్, టేగుటెక్ మనకి తేలిగ్గా దొరుకుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే చాలానే ఉంటాయి. కేటలాగులో పోత ఇనుము గ్రేడులు ఎర్రరంగు కింద, ఉక్కువి నీలం కింద ఉంటాయి. చాలామంది నీలం గ్రేడు టిప్పు తెచ్చి ఇనుము బ్లాకు మీద పెట్టి, త్వరగా పోయిందని తిడతారు. ఒక కొట్టులో మాకు పేరున్న కంపెనీ డబ్బాలో నాసిరకం టిప్పులు అంటగట్టారు. డబ్బా మీదా టిప్పు మీదా కోడ్ ఒకటే కాదు, చూస్తే తెలిసేది. అప్పటినుంచి బిల్లు ఇచ్చే అధీకృత డీలర్ దగ్గర తప్ప కొనడం లేదు, రూపాయి ఎక్కువైనా సరే.

సీట్ కట్టర్లలో చేతిపనికి న్యూవే కంపెనీ తరహావి నాకు నచ్చాయి. బ్లేడ్లు స్క్రూతో ఊడి వస్తాయి, ఒకటి చిట్లితే దాన్నే మార్చుకోవచ్చు. బ్రేజింగ్ చేసిన (బ్లేడ్లు కరిగించిన లోహంతో అతికించేసిన) ఒకే ముక్క కట్టర్లు కొనేటప్పుడు చవక, ఒక అంచు పోతే మొత్తం పోయినట్టే. ఏ సెట్టు చూసినా ముందు దాని విడి బ్లేడు ధరెంత, ఎన్నిరోజుల్లో తెప్పిస్తారు అని అడగండి. డీలర్ దగ్గర ఆ మాటకి సమాధానం లేకపోతే ఆ సెట్టు కొనకండి.