షిఫ్ట్ లైన్‌ను వదిలి, దాని ముందు లైన్ చూడు

కూకట్‌పల్లి, హైదరాబాద్

అల్లుడూ,

మొన్న ఆదివారం నువ్వు లాప్‌టాప్‌లో చూపించిన లెక్క గురించే ఈ ఉత్తరం. -8ని కుడికి ఒక బిట్ జరిపితే (అదే షిఫ్ట్) ప్రోగ్రామ్ -4 అంది, మీరు రాస్తున్న డీబగ్గర్, అంటే ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే సాధనం, 2147483644 అంది. బిర్యానీ చల్లారిపోతోందని మీ అత్తయ్య కేకేయడంతో మాట అక్కడే ఆగిపోయింది.

ఆ పెద్ద సంఖ్యను హెక్సాలో, అంటే 16 అంకెల పద్ధతిలో చూడు. ముందు 7, తర్వాత ఆరు ఎఫ్‌లు, చివర సి. అంటే ఎడమ చివర 1 రావాల్సిన చోట 0 వచ్చింది. నువ్వు వెంటనే షిఫ్ట్ చేసే లైన్ పట్టుకుని కూర్చుంటావని నాకు తెలుసు. దాన్ని వదిలెయ్. నీ ఎక్స్‌ప్రెషన్‌లో ఎడమవైపు ఇంట్ (నెగటివ్ కూడా పట్టే పూర్ణసంఖ్య టైపు) ఉంది, ఎన్ని బిట్లో చెప్పే వేరియబుల్ అన్‌సైన్డ్, అంటే నెగటివ్ పట్టనిది. కూడికైతే సీ భాష రెండింటినీ ఒకే టైపుకు తెస్తుంది, అక్కడ అన్‌సైన్డ్‌దే పైచేయి. షిఫ్ట్‌కు ఆ రూల్ లేదు. రెండూ విడివిడిగా ప్రమోట్ అవుతాయి (చిన్న టైపైతే ఇంట్‌గా మారుతుంది), ఫలితం టైపు ఎడమదానిదే. కూడికకు రాసిన ఫంక్షన్‌నే మీవాళ్ళు షిఫ్ట్‌కూ తగిలించి ఉంటారు. అందుకే జరపకముందే -8 కాస్తా 4294967288 అయి కూర్చుంది. కుడివైపు మామూలు 1 పెట్టి చూడు. -4 వస్తే నా అనుమానం నిజమే.

విలువను 64 బిట్లలో దాచుకుంటున్నారా? అయితే 32 బిట్ల ఇంట్‌ను సైన్ ఎక్స్‌టెండ్ చేసి, అంటే దాని ఎడమ చివరి బిట్‌నే పై ఖాళీలన్నిటా నింపి దాచండి. ఎడమ షిఫ్ట్‌ను మాత్రం అన్‌సైన్డ్‌లో చేసి, టైపు సైజుకు కత్తిరించి, తిరిగి సైన్డ్‌గా చదవండి. సీ ప్లస్ ప్లస్ 20కి ముందు నెగటివ్ సంఖ్యను ఎడమకు జరపడం అన్‌డిఫైన్డ్ (ఏం రావాలో భాష చెప్పదు), సీలో ఇప్పటికీ అంతే. 32 బిట్ల విలువను 32 బిట్లు జరపమంటే ఎక్స్86 ప్రాసెసర్ అసలు జరపదు, ఎందుకంటే అది కౌంట్‌లో (ఎన్ని బిట్లు జరపాలో చెప్పే సంఖ్యలో) కింది 5 బిట్లే చూస్తుంది. అలాంటి కౌంట్ వస్తే వార్నింగ్ ఇవ్వండి.

-7ని కుడికి ఒక బిట్ జరిపితే -4 వస్తుంది. రెండుతో భాగిస్తే -3 కదా, ఇది బగ్ అనుకుని ఒకప్పుడు నేను దాన్ని "సరిచేశాను". భాగహారం సున్నా వైపు పోతుందని, షిఫ్ట్ కిందికి పోతుందని మా లీడ్ అందరి ముందూ బోర్డు మీద రాసి చూపించాడు. నువ్వలా చేయకు.

టెస్టుల్లో -1 తప్పకుండా పెట్టు, కుడికి ఎన్ని బిట్లు జరిపినా అది -1గానే ఉండాలి. షార్ట్ అనే చిన్న పూర్ణసంఖ్య టైపుకూ ఒక టెస్ట్ రాయి. అడిగేదాకా రాయవని ముందే చెబుతున్నాను.

మీ మామయ్య