టీ-షర్టా, పుల్లోవరా? కస్టమ్స్ చెప్పినదానికి ఒప్పుకోవాలా?

ప్రశ్న: విజయవాడలో రెడీమేడ్ హోల్‌సేల్ వ్యాపారం చేస్తాను. చైనా నుంచి పూర్తి చేతుల కాటన్ హోజరీ టీ-షర్టులు రెండు మోడళ్లు తెప్పించాను. కస్టమ్స్ ఏజెంట్ టీ-షర్టుల టారిఫ్ కోడ్ అయిన 6109 కింద బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాల పత్రం) వేశాడు. కస్టమ్స్ అధికారులు రెండూ పుల్లోవర్లేనని, వాటి కోడ్ 6110 కిందకు వస్తాయని డ్యూటీ పెంచారు. ‘ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చి కట్టేయండి, లేకుంటే డిమరేజ్ (సరుకు పోర్టులో ఆగినందుకు పడే ఛార్జీ) పెరుగుతుంది’ అంటున్నాడు ఏజెంట్. తప్పుడు డిక్లరేషన్ కేసు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీరు పంపిన ఫొటోలు చూశాక చెబుతున్నాను, ఒక మోడల్ విషయంలో అధికారుల మాటే సరైనది. ఇన్‌వాయిస్‌లో ఏ పేరు రాశారన్నది కాదు, బట్ట ఎలా కుట్టారన్నదే లెక్క. కస్టమ్స్ టారిఫ్‌లో అల్లిన దుస్తులకు సంబంధించిన 61వ చాప్టర్ 5వ నోట్ ప్రకారం, అడుగున రిబ్ పట్టీ గానీ, లాగి కట్టే తాడు గానీ, బిగించే మరే ఏర్పాటు గానీ ఉన్న దుస్తులు 6109 కిందకు రావు. మీ మొదటి మోడల్‌కు రిబ్ పట్టీ స్పష్టంగా కనిపిస్తోంది. దానిమీద పోరాడితే ఖర్చే మిగులుతుంది.

రెండోది వేరు. అడుగున మామూలు మడత కుట్టు, గుండ్రటి మెడ, కాలర్ లేదు, బటన్లు లేవు. గుడ్డ పలచగా ఉండి, లోపలి వైపు నూగు లేకపోతే అది టీ-షర్టే. చేతులు పొడవుగా ఉన్నంత మాత్రాన పుల్లోవర్ అయిపోదు. ఈ తేడా మీకు ఎందుకు ముఖ్యమంటే, ఇలాంటి సరుకు చాలావాటికి విలువపై శాతం, పీసుకు ఇన్ని రూపాయలు అని రెండు లెక్కలుంటాయి. ఏది ఎక్కువైతే అది కట్టాలి. చవక సరుకుకు దెబ్బ తగిలేది ఈ పీసు లెక్కలోనే.

కాబట్టి రెండు మోడళ్లకూ కలిపి ఒప్పుకోలు ఇవ్వకండి. ఏజెంటుకు ఫైలు త్వరగా కదిలితే చాలు, డబ్బు పోయేది మీది. మొదటి మోడల్‌కు మాత్రమే ఒప్పుకోండి. రెండోదానికి అభ్యంతరం రాసిచ్చి, డ్యూటీ కట్టి సరుకు విడిపించుకోండి. మీరు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే, కస్టమ్స్ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం రీ-అసెస్‌మెంట్ (డ్యూటీని మళ్లీ లెక్కకట్టడం) జరిగిన 15 రోజుల్లో అధికారులు స్పీకింగ్ ఆర్డర్, అంటే కారణాలు రాసిన ఉత్తర్వు, ఇవ్వాలి. అది అందిన 60 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) దగ్గర అప్పీలు వేయండి. అప్పీలు వేయకుండా నేరుగా రీఫండ్ అడిగితే రాదు, 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన విషయమిది. ఇంకా అసెస్‌మెంట్ పూర్తికాకపోతే సెక్షన్ 18 కింద బాండు, సెక్యూరిటీ ఇచ్చి ప్రొవిజినల్‌గా (తాత్కాలిక లెక్కపై) సరుకు విడిపించుకునే వీలుంది.

ఇక కేసు భయం. సరుకు వివరాలు నిజంగా రాసి, హెడింగ్ (ఏ కోడ్ కిందకు వస్తుందన్న) విషయంలో మాత్రమే అభిప్రాయం తేడా వస్తే అది తప్పుడు డిక్లరేషన్ కాదని నార్తర్న్ ప్లాస్టిక్ కేసులో (1998) సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ‘కాటన్’ అన్న మాట నిజమేనా? మిశ్రమ గుడ్డలో బరువులో ఏ పీచు (కాటన్, పాలిస్టర్ లాంటివి) ఎక్కువైతే బట్టను దాని కిందే లెక్కిస్తారు. ల్యాబ్‌లో పాలిస్టర్ ఎక్కువని తేలితే అది అభిప్రాయభేదం కాదు, వాస్తవం తప్పు రాయడం. అప్పుడు సెక్షన్ 111(ఎం) కింద జప్తు, పైన పెనాల్టీ దాకా వెళ్లొచ్చు. ఫ్యాక్టరీ నుంచి ఏ పీచు ఎంత శాతమో చెప్పే టెస్ట్ రిపోర్టు వెంటనే తెప్పించుకోండి. అందులో కాటన్ తక్కువని ఉంటే అప్పీలు సంగతి పక్కన పెట్టి ముందు నాకు చూపించండి.