ముందు బ్రేకులు, తర్వాతే పెయింటు
(పాత బళ్లు బాగు చేసుకునేవారికి జవాబులు)

ప్రశ్న: మా నాన్నగారి 1974 అంబాసిడర్ మార్క్-2 పదకొండేళ్లుగా రేకుల షెడ్డులో ఉంది. హ్యాండిల్ వేస్తే ఇంజను తిరగడం లేదు. ట్రాక్టరుకి కట్టి లాగితే అదే అందుకుంటుందని మా మెకానిక్ అంటున్నాడు. నెల రోజుల్లో అమ్మాయి పెళ్లి. ఆ కారులోనే అత్తారింటికి పంపాలని కోరిక. ముందు ఇంజన్ పని చేయించాలా, పెయింటు వేయించాలా?
– ఓ పాఠకుడు, తణుకు

జవాబు: ముందు ఆ ట్రాక్టరుని ఇంటికి పంపేయండి. బిగుసుకుపోయిన ఇంజన్ని అలా లాగితే పిస్టన్ రింగులు విరుగుతాయి, సిలిండర్ గోడలు గీరుకుపోతాయి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల డీజిల్, అంతే గేరాయిలు కలిపి పోసి వదిలేయండి. రోజూ సాయంత్రం టాప్ గేరులో పెట్టి, ఇద్దరు మనుషులు బండిని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపాలి. హ్యాండిల్ ఒకవైపే పట్టుకుంటుంది కాబట్టి దానికంటే ఇదే నయం. నా చేతికి వచ్చిన ఒక మార్క్-3 తొమ్మిదో రోజున కదిలింది. కదిలినట్టు కంటికి కనపడలేదు, భుజానికి తెలిసింది. తిరిగాక ప్లగ్గులు పెట్టకుండానే నాలుగు చుట్లు తిప్పండి. పోసిన నూనె పిచికారీలా పైకి లేస్తుంది, గుడ్డ కప్పడం మర్చిపోకండి. కొంత డీజిల్ కిందికి దిగి ఉంటుంది కాబట్టి ఇంజనాయిలు కూడా మార్చేయాలి.

ఇక ఇంజనా, పెయింటా అని కదా అడిగారు. రెండూ కాదు, బ్రేకులు.

ఈ మాట నేను ఖర్చు పెట్టి నేర్చుకున్నాను. నా ప్రీమియర్ పద్మిని కారుని బాగు చేసినప్పుడు ఇంజను స్టార్టయిన సంబరంలో, ఒక్క రౌండే కదా అని కాలువ గట్టు మీదికి తీశాను. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేల దాకా వెళ్లిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగాను, అదీ అలంకారమే. చివరికి గడ్డివాములోకి పోనిచ్చి ఆపాను. రేడియేటర్ జాలీ నిండా గడ్డి, ఊరి పిల్లలు నెల రోజులు నవ్వారు. వెనక చక్రం డ్రమ్ము విప్పి చూస్తే వీల్ సిలిండర్ (బ్రేకాయిలు ఒత్తిడితో చక్రాన్ని ఆపించేది) రబ్బరు బిస్కెట్‌లా పొడి అయిపోయింది. ఆ కాలపు బళ్లలో నాలుగు చక్రాలకీ ఒకటే బ్రేకాయిలు లైను. ఒక్క చోట కారితే నాలుగూ పోయినట్టే. అందుకని మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకాయిల్ని నెట్టేది), వీల్ సిలిండర్ల కిట్లు, రబ్బరు హోసులు అన్నీ ఒకేసారి మార్చండి. బాగానే ఉన్నట్టున్నాయని ఒక్కటి కూడా వదలొద్దు. డ్రమ్ముల్లో దుమ్ముని గాలి కొట్టి ఊదకండి. పాత బ్రేకు షూలలో (డ్రమ్ముకి ఒరుసుకుని చక్రాన్ని ఆపేవి) ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

తర్వాత తుప్పు. అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే దానికి ఎముకలు. తలుపుల కింద పొడుగ్గా ఉండే పెట్టె లాంటి భాగం తినేసి ఉంటే పైన ఎంత మెరిసినా ప్రయోజనం లేదు. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుని, పలుచటి గుడ్డలో చుట్టి బాడీ మీద నడిపించండి. జారిపోయిన చోటల్లా లోపల పుట్టీ ఉన్నట్టు. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టుకోండి. మ్యాట్లు తీసి, ఫ్లోరుని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. వెల్డింగు ఇంట్లో వద్దు, మంచి టింకరింగ్ మనిషికి అప్పగించండి. ఒక్క షరతు పెట్టండి: కింద సమంగా దిమ్మలు పెట్టాకే కోయాలి. లేదంటే బాడీ వంగి, తలుపులు ఇక జన్మలో సరిగ్గా పడవు.

పెట్రోలు ట్యాంకు దింపి, పాతది పారబోసి కడిగించండి. ఖాళీ ట్యాంకే కదా అని దాని మీద వెల్డింగు పెట్టనివ్వొద్దు. లోపలి ఆవిరికి నిప్పు తగిలితే బాంబే. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. 1974 నాటి రబ్బరు పైపులు దానికి ఉబ్బిపోతాయి. ఇథనాల్‌ని తట్టుకునే పైపులు వేయించండి. ఎప్పుడైనా ఇంజను హెడ్ (సిలిండర్ల మీది మూత) దింపాల్సి వస్తే గట్టి వాల్వు సీట్లు (వాల్వులు కూర్చునే రింగులు) కూడా వేయించేయండి. ఆ ఇంజను సీసం కలిపిన పెట్రోలు రోజుల్లోది. ఆ సీసమే వాల్వుల్ని కాపాడేది. 2000 నుంచి మన దేశంలో అది లేదు.

ఇవన్నీ నెలలో అవుతాయా? అవ్వవు. ఆ టెన్షన్ పెట్టుకోకండి. కడిగి, పూలు కట్టి గుమ్మం ముందు నిలబెట్టండి. ఫొటోలన్నీ దాని ముందే తీయించండి. అమ్మాయిని మాత్రం బ్రేకులున్న కారులో పంపండి.

ప్రశ్న: మా మామగారి 1971 ఫియట్ నడుస్తోంది. హెడ్‌లైట్లు మాత్రం ఆముదం దీపాలే. మారుతి ఇంజను వేయించి, వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయిద్దామని మావారు అంటున్నారు. రెండూ కుదురుతాయా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కుదరవమ్మా. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండి అసలు రూపంలోనే ఉండాలి. ఇంజను మారిస్తే ఆ దారి మూసుకుపోతుంది. పైగా వింటేజ్ నంబరు బండిని రోజూ కూరగాయలకి తీసుకెళ్లడానికి లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు లాంటి వాటికే. రోజూ తిరగాలంటే మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించుకోండి. ఇంజను మార్చాలన్నా ముందు ఆర్టీఓ అనుమతి కావాలి. నన్నడిగితే నడుస్తున్న ఇంజన్ని కదపొద్దనే అంటాను. ఆ 1089 సీసీ ఇంజను సన్నగా కొట్టే చప్పుడు మారుతిలో ఎక్కడిది?

లైట్ల సంగతి మాత్రం ఒక పూట పని. ఇంజను ఆన్‌లో పెట్టి, లైట్లు వేసి, బల్బు వెనక వోల్టు మీటరు పెట్టి చూడండి. బ్యాటరీ దగ్గర 12 చూపించే వోల్టేజీ అక్కడికి చేరేసరికి 10కి పడితే, మిగతాది పాత స్విచ్చు, సన్న వైర్లు తినేస్తున్నాయన్నమాట. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి, రెండు రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు) ద్వారా లావు వైరు లాగించండి. పాత స్విచ్చు రిలేని నొక్కే పని మాత్రమే చేస్తుంది. ఎప్పుడైనా ఒరిజినల్ కావాలంటే నాలుగు వైర్లు ఊడదీస్తే చాలు. పాత బండిలో నాకు నచ్చే మార్పు ఇలాంటిదే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. 1969 షెవర్లే సీ10 పికప్ కొన్నాను. 1972 బండి నుంచి ముందు డిస్క్ బ్రేకులు చవగ్గా దొరుకుతున్నాయి. కొనొచ్చా?
– ఓ పాఠకుడు, టెక్సాస్

జవాబు: హ్యూస్టన్‌లో మా బావమరిది దగ్గర అలాంటి బండి కింద ఆరు నెలలు పడుకున్నాను. కొనండి, కానీ నట్లు లెక్కపెట్టుకోండి. మీ బండికి చక్రానికి ఆరు నట్లు. 1971లో డిస్కులు వచ్చాక ఐదయ్యాయి. ముందు ఐదు, వెనక ఆరు అయితే ఒక్క స్టెప్నీ రెండు వైపులకీ పనికిరాదు. వెనక యాక్సిల్ కూడా అదే బండిది ఇస్తారేమో బేరమాడి చూడండి. డిస్కులకి తగిన మాస్టర్ సిలిండర్ కూడా అడిగి తెచ్చుకోండి. మా వాడు అది వదిలేసి వచ్చి, దాని కోసమే మళ్లీ రెండు గంటలు కారు నడిపాడు.