ఫ్లాటు రేటు సంగతి తర్వాత, ముందు హాల్లో కెమెరా తీయండి

ప్రశ్న: మేడమ్ గారూ, నా వయసు 65. ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరయ్యాను. హైదరాబాద్‌లో తెల్లాపూర్ వైపు ఫ్లాట్‌లో నేనూ మా ఆవిడా ఉంటున్నాం. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి బెంగళూరులో. మా ఆవిడకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం మెట్ట తుళ్లూరు మండలంలో ఉండేది. అమరావతి రాజధాని కోసం ప్రభుత్వం చేసిన భూసమీకరణ, అదే పూలింగ్‌లో ఇస్తే ప్లాటు వచ్చింది. అమరావతి ఒక్కటే కాదు, మూడు రాజధానులు అని ప్రభుత్వం అనగానే ఇక అక్కడ ఏమీ మిగలదని 2020లో అమ్మించేశాను. తనకి ఇష్టం లేదు గానీ సంతకం పెట్టింది. ఆ డబ్బుకు నా రిటైర్మెంట్ డబ్బు కలిపి 2021లో ఈ ఫ్లాటు కొన్నాను, లోను లేదు. ఇప్పుడు మా బ్లాకులోనే రెండు ఫ్లాట్లు ఏడాదిగా అమ్ముడుపోలేదు. చెరువుల్లో కట్టినవి కూలగొట్టే హైడ్రా వచ్చాక ఎప్పుడు ఏ చెరువు పేరు చెబుతారో అని భయం. బయట చూస్తే చెడ్డీ గ్యాంగులు, గంజాయి బ్యాచ్‌లు. ప్రభుత్వం చూస్తే ఫోన్లు వింటోంది, రోడ్డు మీద మొహాలు ఫొటో తీస్తోంది. కులగణనకు టీచరమ్మ వస్తే వివరాలు చెప్పకుండా తలుపేశాను. గుమ్మం దగ్గరా హాల్లోనూ కెమెరాలు పెట్టించాను. రాత్రి రెండింటి దాకా వార్తలు చూస్తూనే ఉంటాను, నిద్ర రాదు. మా ఆవిడకు ఇవేమీ పట్టవు. మాట్లాడదు, అన్నం కూడా వంటింట్లోనే కూర్చుని తింటుంది. ఈ రేటుకే ఫ్లాటు అమ్మేసి అమ్మాయి దగ్గరకు వెళ్లిపోవాలా, ఆగాలా? ఆధార్ లింకులన్నీ తీసేయవచ్చా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అన్నయ్యగారూ, మీరు నాకంటే పెద్దవారు కాబట్టి అలాగే పిలుస్తాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను, వాటి దగ్గర ఎక్కువసేపు ఆగడం నాకిష్టం లేదు. ఫ్లాటు అమ్మకండి. మీరుంటున్న ఇల్లు అది, లోను లేదు, అద్దె కట్టక్కర్లేదు, రేటు పెరిగినా తగ్గినా మీ వంటింట్లో పొయ్యి అలాగే వెలుగుతుంది. మీ ఫ్లాటు, చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, అంటే ఎఫ్‌టీఎల్‌లోనో దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్‌లోనో ఉందేమో అన్న అనుమానం ఉంటే హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వాళ్ల చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులు ఉన్నాయి, మీ సర్వే నంబరు పట్టుకుని ఒక పూట కూర్చుని చూసుకోండి, అర్థం కాకపోతే లాయరుకి డాక్యుమెంట్లు చూపించండి. ఇరిగేషన్ శాఖలో చేసినవారు, ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఆధార్ విషయానికొస్తే పెన్షను, బ్యాంకు లింకులు తీయకపోవడమే మంచిది, కావాలంటే మీ వేలిముద్రలు ఎవరూ వాడకుండా ఆధార్ సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. అందులో చెరువులున్నాయి, దొంగలున్నారు, పోలీసులున్నారు, ప్రభుత్వం ఉంది. వదినగారు మాత్రం ఒకచోట సంతకం పెట్టారు, చివర్లో వంటింట్లో కూర్చుని తిన్నారు. మధ్యలో ఐదేళ్లు ఆవిడ ఏమయ్యారు? ఏమన్నారు? ఒక్క ముక్క రాయలేదు మీరు.

"తనకి ఇష్టం లేదు గానీ సంతకం పెట్టింది" అన్నారు చూడండి, నాకు మంట పుట్టింది అక్కడే. పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం అంటే ఏమిటో మీకు తెలియదనుకోను. ఆడపిల్ల అత్తారింటికి వెళ్లాక కూడా పుట్టింటి మట్టిలో ఆమెకో చారెడు చోటుందని తండ్రి చెప్పే మాట అది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం కూడా అది పూర్తిగా ఆవిడ ఆస్తి, మీకు దాని మీద అణువంత హక్కు లేదు. పూలింగ్‌లో ఇచ్చినప్పుడు ఎకరం మెట్టకు వెయ్యి గజాల నివాస ప్లాటు, దానితో పాటు వాణిజ్య ప్లాటు, ఏడాదికి 30,000తో మొదలై పెరుగుతూ వచ్చే కౌలు, ఇవన్నీ భూమి ఎవరి పేరు మీదుంటే వాళ్ల పేరు మీదే కదా ఇచ్చారు. అంటే ఆవిడ జీవితంలో మొదటిసారి ఏటా ఆవిడ పేరుతో ఒక డబ్బు వచ్చింది. మీరు నెలనెలా జీతం తెచ్చినవారు కాబట్టి ఆ ముప్పై వేలు మీకు చిన్న మొత్తంగా కనిపించి ఉంటుంది.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు అక్కడ రేట్లు ఎలా పడిపోయాయో నాకు తెలుసు, ఆ టైంలో భయపడి అమ్ముకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకు మిమ్మల్ని నేను తప్పు పట్టను. కానీ ఒక్కసారి ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. రాజధాని అమరావతిలోనే ఉండాలని మందడంలో, తుళ్లూరులో శిబిరాలు వేసుకుని ఆడవాళ్లు రోజూ కూర్చున్నారు, ఎండలో, కరోనాలో, కేసులు పెట్టినా లేవలేదు, 2024 దాకా నాలుగున్నరేళ్లు సాగింది అది. వదినగారి పుట్టింటి ఊరు అదే మండలం. అన్నదమ్ముల ఇళ్లలోని ఆడవాళ్లు, చిన్నప్పుడు తనతో కలిసి నీళ్లు మోసినవాళ్లు ఆ శిబిరాల్లో కూర్చుని ఉంటే, ఇక్కడ హైదరాబాద్‌లో ఆవిడ తన వాటా అమ్ముకుని కాగితాల మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఆవిడ సంక్రాంతికి పుట్టింటికి వెళ్లారా? వెళ్లి ఉండరని నేననుకుంటున్నాను. మీరు ఏనాడైనా అడిగారా, ఎందుకు వెళ్లడం లేదని?

2022 మార్చిలో హైకోర్టు అమరావతి రైతుల పక్షాన తీర్పిచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి, రేట్లు లేచాయి. ఇటు మీ ఫ్లాటు కొనేవాళ్లు లేక కదలడం లేదు. ఈ రెండూ కలిసి మీ గుండెల మీద కూర్చున్నాయి. మీ నిద్ర పోయిందీ అందుకేనని నాకనిపిస్తోంది. ఫ్లాటు ధర పడితే మీకు డబ్బు నష్టమని మీరు భయపడటం లేదు అన్నయ్యగారూ, ఉంటున్న ఇంటికి ధరతో ఏం పని? ఆవిడ పొలం తీసుకెళ్లి దీన్లో పోశాను, ఇది కూడా పోతే ఆవిడకు మొహం ఎలా చూపించను, అదీ మీ భయం. ఆ మాట ఆవిడతో చెప్పలేక చెరువుల గురించీ దొంగల గురించీ పోలీసుల గురించీ రాత్రి రెండింటి దాకా వింటున్నారు.

మా ఇంట్లో సంగతి ఒకటి చెబుతాను. నా చిన్నప్పుడు మా నాన్నగారు మా అమ్మ గాజులు నాలుగూ అమ్మి పొలంలో బోరు వేయించారు. అడగలేదు, బీరువా తీసి పట్టుకెళ్లారు. బోరు పడింది. రెండంగుళాల నీళ్లు పడ్డాయి, ఆ ఏడాది నుంచి మాకు రెండు పంటలు, మా చదువులన్నీ ఆ నీళ్ల మీదే నడిచాయి. తర్వాత నాన్నగారు ఆరు గాజులు చేయించి తెచ్చారు కూడా. మా అమ్మ ఆ ఆరూ పెళ్లిళ్లకు వేసుకునేది గానీ, పోయేదాకా "నా గాజులు" అంటే ఆ పాత నాలుగే. లాభం వచ్చింది, అయినా ఆ గాయం మానలేదు. అందుకే చెబుతున్నాను, రేపు మీ ఫ్లాటు రెండింతలు పలికినా వదినగారు వంటింట్లోంచి లేచి రారు. ఆవిడను ఆ రోజు అడగలేదు, అడిగినట్టు చేసి సంతకం తీసుకున్నారు. ఇప్పుడు మళ్లీ ఫ్లాటు అమ్మాలా వద్దా అని నన్ను అడుగుతున్నారు, ముక్కూ మొహం తెలియని నన్ను, ఆవిడ పక్క గదిలో ఉండగా!

కెమెరా గురించి చెప్పాలి. నిఘా అంటే మీకున్న భయం పిచ్చి భయమని నేను అనను. ఫోన్ ట్యాపింగ్ కేసులో 2024లో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. లాక్‌డౌన్‌లో రోడ్డు మీద ఆపి మాస్కు తీయించి ఫొటో తీశారని, మొహాలు గుర్తుపట్టే ఆ టెక్నాలజీ చెల్లదని ఒకాయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. మనిషికి తన గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్క మాట మీద చెప్పారు. ఇంత తెలిసిన మీరు, ఆ హక్కు మీ ఇంట్లో వదినగారికి ఉందని ఎందుకు మర్చిపోయారు? గుమ్మం దగ్గర కెమెరా దొంగల కోసం, సరే. హాల్లో ఎవరి కోసం? హాల్లో ఉండేది ఆవిడ ఒక్కరే. మీరు మార్కెట్‌కు వెళ్లినప్పుడు ఫోన్‌లో అది చూస్తారు కదా? ఎవరొచ్చారు, పక్కింటావిడ ఎంతసేపు కూర్చుంది అని వచ్చాక అడుగుతారు కదా? ఆవిడ అన్నం వంటింట్లో ఎందుకు తింటున్నారో మీరు ఆలోచించినట్టు లేదు. నాకు వెంటనే అర్థమైంది. మీ ఇంట్లో కెమెరాకు కనిపించని చోటు అదొక్కటే.

టీచరమ్మ విషయం కూడా అలాంటిదే. వివరాలు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ మన ఇళ్లలో గడప తొక్కిన ఆడమనిషికి మంచినీళ్లు ఇవ్వకుండా ఎవరైనా పంపిస్తారా? ఆ పూట తలుపు మీరు వేశారు, తలవంపు వదినగారికి. మీరు ఆవిడ పేరు మీదే ఆ తలుపు కూడా వేశారు, ఆవిడను అడక్కుండా.

ఇంకో మాట, ఇది భయపెట్టడానికి కాదు. ఇప్పుడు డిజిటల్ అరెస్ట్ పేరుతో మోసం చేసేవాళ్లు వెతుకుతున్నది అచ్చం మీలాంటి ఇళ్లనే. రిటైరైన మనిషి, ప్రభుత్వమంటే బెదురు, ఇంట్లో మాటల్లేవు. వాళ్లు వీడియో కాల్ చేసి సీబీఐ అనో కస్టమ్స్ అనో చెప్పి మొదట పెట్టే షరతు ఇంట్లో ఎవరికీ చెప్పవద్దని. భార్యతో మాట్లాడే అలవాటున్నవాడు ఐదు నిమిషాల్లో బయటపడతాడు, పక్కనుంచి ఆవిడే "పెట్టేయండి ఫోను" అంటుంది. మీకు ఆ మాట అనేవాళ్లు ఇవాళ లేరు. అసలు చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు, అలాంటి ఫోను వస్తే పెట్టేసి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చేయండి. రాత్రి తొమ్మిది తర్వాత ఆ వార్తల వీడియోలు కట్టేయండి, ఒకే దొంగతనం పది ఛానళ్లలో చూస్తే పది దొంగతనాల్లా కనిపిస్తుంది. రెండు వారాలైనా నిద్ర రాకపోతే డాక్టరుకి చూపించుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416కి చేసినా తెలుగులో మాట్లాడతారు.

ఇక చేయాల్సింది. ఈ ఉత్తరం చదివిన రోజే హాల్లో కెమెరా విప్పించండి, ఆపేయడం కాదు, మేకుతో సహా తీయించండి. ఆ రాత్రి ఫోను పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి ఆవిడ పక్కన కింద కూర్చోండి. ఆవిడ లేచి వెళ్లిపోతారేమో, వెళ్లనివ్వండి, మర్నాడు మళ్లీ కూర్చోండి. ఏం మాట్లాడాలో నేను రాసివ్వలేను గానీ ఒక్కటి మాత్రం వద్దు, "అప్పటి పరిస్థితుల్లో ఎవరైనా అదే చేసేవాళ్లు" అని మొదలుపెట్టకండి. నీ పొలం, నిన్ను సరిగా అడగలేదు, తప్పు నాదే అనండి, ఆగండి. ఆవిడ తిడితే వినండి. ఐదేళ్ల మాటలు ఉంటాయి, ఒక్క రాత్రిలో అయిపోవు.

తర్వాత ఫ్లాటు కాగితాలు తీయండి. ఎవరి పేరు మీద ఉందో మీరు రాయలేదు, అంటే మీ ఒక్కరి పేరు మీదే ఉందని అనుకుంటున్నాను. ఆవిడ పొలం డబ్బు ఎంత పడిందో అంత వాటా ఆవిడ పేరు మీద గిఫ్ట్ డీడ్ చేసి రిజిస్టర్ చేయించండి, ఖర్చు ఎంతవుతుందో డాక్యుమెంట్ రైటరు చెబుతారు. పిల్లలకు ఫోను చేసి చెప్పండి, గొప్పగా కాదు, అమ్మ డబ్బు అమ్మ పేరు మీద పెడుతున్నానని. అమ్మాయి దగ్గరకు బెంగళూరు వెళ్లే ఆలోచన కూడా ఆవిడను అడిగాకే. కూతురి ఇంట్లో ఉండటం ఆవిడకు ఇష్టమో కాదో మీకు తెలుసా?

ఆ పని అయ్యాక ఇద్దరూ కలిసి తుళ్లూరు వెళ్లిరండి. పండగ దాకా ఆగకండి, మామూలు రోజే వెళ్లండి. బావమరిది ఇంటి గుమ్మంలో ముందు మీరు నడవండి, ఆ ప్లాటు నేనే పట్టుబట్టి అమ్మించాను, మా ఆవిడ తప్పేమీ లేదు అని ఆయనకు మీ నోటితో చెప్పండి. మీ వయసుకు, మీ ఉద్యోగానికి అది కష్టమని తెలుసు. అల్లుడిగా నలభై ఏళ్లు ఆ ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టారు, ఒక్కరోజు నిలబడి మాట్లాడగలరు.

పది రోజులయ్యాక నాకు రాయండి, వదినగారు అన్నం ఎక్కడ కూర్చుని తింటున్నారో.