తప్పుకుని పోయినవాళ్లను చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

డెబ్బైల తొలినాళ్లలో అమెరికాలో చవగ్గా చుట్టేసిన గ్యాంగ్‌స్టర్ సినిమాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ‘కల్ట్’ అన్న మాట పదకొండు చోట్ల ఉంది. పదకొండూ కొట్టేశాను, వ్యాసానికి వచ్చిన లోటేమీ లేదు.

‘బ్లాక్ సీజర్’ (1973) గురించి నాలుగు పేరాలు రాశావు. వాటిలో సినిమా మాత్రం కనబడలేదు. తూటా తగిలిన హీరో ఫ్రెడ్ విలియమ్సన్ న్యూయార్క్ ఐదో అవెన్యూలో తూలుతూ నడిచే సీను మళ్లీ పెట్టుకో. ఈసారి అతణ్ణి వదిలేసి, పక్కనుంచి పోయేవాళ్లను చూడు. దర్శకుడు లారీ కోహెన్ అనుమతుల జోలికి పోకుండా నడివీధిలో తీసేశాడు. అది సినిమా అని ఆ జనానికి తెలియదు. కొందరు వెనక్కి తిరిగి చూస్తారు, కొందరు తప్పుకుని తమ దారిన పోతారు. అదే జూనియర్ ఆర్టిస్టులకు కూలి ఇచ్చి నిలబెట్టి ఉంటే అందరూ ఒక్కసారే నోళ్లు తెరిచేవారు! చేతిలో డబ్బు లేకపోవడం ఆ సీనుకు ఏం తెచ్చిపెట్టిందో రాయి.

నిర్మాత రోజర్ కోర్మన్‌ను ‘మేధావి’ అని సరిపెట్టావు. లెక్కలు చెప్పు. దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీకి ‘బాక్స్‌కార్ బెర్తా’ (1972) అప్పగించినప్పుడు ఇచ్చింది సుమారు ఆరు లక్షల డాలర్లు, ఇరవై నాలుగు రోజులు. స్క్రిప్టులో ప్రతి పదిహేను పేజీలకూ కాస్త నగ్నత్వం ఉండాలని షరతు. ఆ సినిమా చూసిన మరో దర్శకుడు జాన్ కాసావెట్స్, ఏడాది జీవితాన్ని చెత్తకు ధారపోశావని స్కోర్సేసీని తిట్టాడు. మరుసటి ఏడాదే స్కోర్సేసీ ‘మీన్ స్ట్రీట్స్’ వచ్చింది. ఈ తిట్టు కథ అందరూ చెప్పేదే, నువ్వూ చెప్పావు. అయితే న్యూయార్క్ వీధుల కథ అయిన ఆ సినిమాను కూడా చాలావరకు లాస్ ఏంజెలెస్‌లో, కోర్మన్ దగ్గర పనిచేసినవాళ్లను వెంటపెట్టుకుని తీశాడు. తిట్లు తిన్న చోటే పని నేర్చుకున్నాడన్నమాట. అది నీ వ్యాసంలో లేదు.

ఒక్కచోట మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఈ సినిమాల్లో ఆడవాళ్లను చూపించిన తీరును ‘ఆ కాలం అంతే’ అని దాటేశావు. ఆ పదిహేను పేజీల షరతు ఎవరి ఒంటి మీద అమలైందో రాయకుండా ‘సాహసం’ అన్న మాట వాడకు. నీకు ఆ సినిమాలంటే ఇష్టం, నాకూ ఇష్టమే. అందుకే అడుగుతున్నాను.

మొదటి పేజీ తీసేసి ఐదో అవెన్యూ నుంచి మొదలుపెట్టు. పదో తేదీలోగా పంపితే ప్రయాణానికి ముందే చూస్తాను. పక్కన రాసిన నా దస్తూరీ అర్థం కాకపోతే ఫోను చెయ్యి.